కిటికీలో ఆవిడ

మబ్బులాయన సినిమాలు మీరు చూసే ఉంటారు. చూడకపోయినా కొంప మునిగిందేమీ లేదు, ఒక్కటి తప్ప నేనూ పూర్తిగా చూడలేదు. అన్నీ చూసినట్టు మాట్లాడటమే నా ఉద్యోగం.

ఎండ కాస్తున్నంతసేపూ ఆ డైరెక్టరు కెమెరా ముట్టుకునేవాడు కాదట. మబ్బు పట్టేదాకా హీరోతో సహా అందరినీ రోడ్డు మీద కూర్చోబెట్టేవాడట. అందుకే ఆ పేరు. మనిషి పోయి చాలా కాలమైంది. ఆయన ఈ ఊళ్లో ఎక్కడెక్కడ కెమెరా పెట్టాడో అక్కడికల్లా జనాన్ని కాలినడకన తిప్పి చూపించడానికి ఒక కంపెనీ ఉంది, కంపెనీకి ఒక మేనేజరు ఉన్నాడు, ఆయన చెప్పినట్టల్లా నడవడానికి నేనున్నాను. పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. ఇంటికొచ్చి వేణ్ణీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంటే అవి నావేనా అనిపిస్తుంది.

నా చేతిలో ఫొటోల కట్ట ఒకటి ఉంటుంది. ఆ సినిమాల్లోంచి తీసిన ఫొటోలే, తడవకుండా ప్లాస్టిక్ అంటించినవి. ఒక్కో చోట ఆగినప్పుడు ఆ చోటి ఫొటో తీసి వాళ్లకిస్తాను. దాన్ని చేయి చాచి పట్టుకుని, ఫొటోలోని గోడ అంచూ ఎదురుగా ఉన్న గోడ అంచూ కలిసేదాకా ముందుకీ వెనక్కీ జరుగుతారు. కలవగానే "ఆహా" అంటారు. ఆ ఆహా కోసమే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కలవకపోతే మాత్రం తప్పు నాది. "ఈ చెట్టు అప్పట్లో లేదు కదండీ?" అని నిలదీస్తారు. చెట్లు పెరుగుతాయి నాయనా, నేనేం చెయ్యను! పైకి మాత్రం నవ్వి, "మీది భలే చూపండీ" అంటాను.

ముందు వంతెన, తరవాత మూతబడిన బ్యాంకు, ఆఖరి మజిలీ మా ఇల్లు. నిజంగానే మా ఇల్లు. మూడో అంతస్తులో నేనూ మా పిన్నీ ఉంటాం. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, అమ్మకి చెల్లెలైన పిన్ని పెళ్లి మాటే తలపెట్టకుండా నన్ను పెంచింది. పోస్టాఫీసులో ఉత్తరాలు ఏ ఊరివి ఆ ఊరికి విడదీసే ఉద్యోగం చేసి రిటైరైంది. యాభై దాటిన నన్ను ఇప్పటికీ బుల్లీ అనే పిలుస్తుంది.

మబ్బులాయన అన్నిటికంటే పేరున్న సినిమా మా బిల్డింగులోనే తీశాడు. హీరో ఊరు విడిచి వెళ్లిపోతుంటే మూడో అంతస్తు కిటికీలో ఎవరో ఒకావిడ దుప్పటి దులుపుతుంది. దులిపి, ఆ దుప్పటి చేతుల్లోనే పట్టుకుని, అతను వెళ్లిపోయిన సందు చివరికి చూస్తూ నిలబడిపోతుంది. అంతే. ఆవిడెవరు, ఏం చూస్తోంది అని దాని మీద పుస్తకాలు రాశారు. మేం ఆ వాటాలోకి అద్దెకి దిగేటప్పటికే ఆవిడ ఖాళీ చేసి వెళ్లిపోయింది. మాకు ఆ కిటికీ సంగతే తెలీదు, వాటా గాలీ వెలుతురూ ఉందని చేరాం.

నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో ఒకరోజు బ్యాచితో సందులోకి వచ్చేసరికి మా పిన్ని నిజంగానే కిటికీలో దుప్పటి దులుపుతోంది. జనం పిచ్చెత్తిపోయారు. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది మేనేజరు చెవిన పడింది, పడీ పడగానే మా టూరు కరపత్రంలోకి ఎక్కింది: ఆ కిటికీ ఈనాటికీ ఎదురుచూస్తోంది! ఇక అప్పట్నుంచి రోజుకి రెండు పూటలా పిన్ని బూడిదరంగు శాలువా కప్పుకుని దుప్పటి దులపాలి. సినిమాలో ఆవిడ ఈవిడేనా అని అడిగితే ఔననీ కాదనీ చెప్పకుండా చిన్నగా నవ్వమన్నాడు మేనేజరు. నవ్వాను. అంతకంటే ఏం చేస్తాను?

ఇది ఇలా ఉంటే, మెట్ల గోల వేరే. ఆ సినిమాలోనే హీరోయిన్ మెట్ల మీంచి పరిగెత్తుకుంటూ దిగే సీనుంది. కెమెరాకి అడ్డం వస్తోందని మబ్బులాయన మెట్ల రెయిలింగు ఊడబీకించాడు. షూటింగయ్యాక మళ్లీ పెట్టించలేదు. మహానుభావుడు, మరిచిపోయాడు! సినిమాకి పేరొచ్చాక ఇక దాన్ని ఎవర్నీ పెట్టనివ్వలేదు. ఇంటి ఓనరుకీ మేనేజరుకీ మధ్య ఏదో ఒప్పందం ఉంది. మెట్లు ఫొటోలో ఉన్నట్టే ఉండాలట. జనం వచ్చి రెయిలింగు ఊడిన బొక్కల్లో వేలు పెట్టి చూసి పరవశించిపోతారు. బియ్యం బస్తాలు మోసుకుంటూ, పసిపిల్లల్ని చంకనేసుకుంటూ ఎక్కి దిగే మేమంతా ఆ డైరెక్టర్ని రోజూ తలుచుకుంటూనే ఉంటాం, కాకపోతే మా తలుచుకోవడం వేరు.

మొన్న చలికాలం పిన్ని ఆ మెట్ల మీదే కాలు జారింది. పట్టుకోవడానికి ఏమీ లేదు కదా, రెండో అంతస్తు మలుపుదాకా దొర్లింది. తుంటి ఎముక చిట్లింది. పక్కవాటాల వాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని ఆస్పత్రికి దించారు, కట్టు విప్పాక అలాగే పైకి చేర్చారు. అప్పట్నుంచి పిన్ని కిందికి దిగలేదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "రోజూ చదును నేల మీద కాస్త దూరం నడిపించమ్మా. నడక లేకపోతే ఈవిడ మంచాన పడుతుంది, పడితే మళ్లీ లేవదు" అన్నాడు. మా వాటాలో నడవాలంటే మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా. పిన్ని మంచాన పడటమనే మాట నా నెత్తిన బండలా కూర్చుంది.

సందు చివర లాండ్రీ నడిపే ఆవిడ పిన్నికి స్నేహితురాలు. కొట్టు వెనక ఆవిడకో గది ఉంది, గడప దిగితే నేరుగా నేలే. "ఈ ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వను. ఆ తరవాత నన్ననకు, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు" అని నాతో ఖరాఖండిగా చెప్పింది.

నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. జిరాక్సు షాపు వెనక గది ఆయన ఆఫీసు. గోడల నిండా మబ్బులాయన పోస్టర్లు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి.

"సార్, పోనీ మెట్లకి రెయిలింగైనా పెట్టించండి."

"ఫ్రేము చెడిపోతుంది మేడమ్."

"ఫ్రేము సంగతి అటుంచండి, మనుషుల నడుములు చెడిపోతున్నాయి."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టుకుని, "అయితే మా పిన్నిని కింద గదికి మార్చేస్తాను" అన్నాను.

"మార్చుకోండి, ఎవరొద్దన్నారు?" అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి కిటికీలో ఎవరు నిలబడతారు? ఆ కిటికీ తీసేస్తే మన టూరులో ఇంకేం మిగులుతుంది చెప్పండి, ఒక వంతెనా, తాళం పడిన బ్యాంకూ! దానికి మీరెందుకు? చెవిలో పెట్టుకునే మిషన్లొచ్చాయి, రికార్డు చేసిన గొంతు అన్నీ చెప్పేస్తుంది. దానికి మోకాళ్లు నొప్పెట్టవు."

ఆదివారం ఫిల్మ్ క్లబ్బు వాళ్లు వస్తున్నారని, తను కూడా బ్యాచితో వస్తానని, కిటికీ విషయంలో తేడా రాకూడదని చెప్పి పంపేశాడు. నేను నోరు మూసుకుని బయటికొచ్చాను. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు నాకు? నాకొచ్చిందల్లా వెనక్కి నడుస్తూ ముందున్న వాళ్లతో మాట్లాడటం.

ఆ సాయంత్రం పిన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పాదాలు బకెట్లో పెట్టాను.

"ఏమన్నాడే మీవాడు?"

"ఏమంటాడు, ఎప్పుడూ ఉన్నదే."

"లాండ్రీ ఆవిడ గది సంగతి ఏం చేశావ్?"

"చూద్దాంలే పిన్నీ. నీకిక్కడ బాగానే ఉంది కదా, గాలీ వెలుతురూ..."

"ఆ, బాగానే ఉంది" అంది పిన్ని, కాయ మీంచి కళ్లెత్తకుండా. "నాకేం, మహారాణిని. రెండు పూటలా దుప్పటి దులిపితే ఊరంతా నిలబడి చూస్తుంది. పోస్టాఫీసులో అన్నేళ్లు చాకిరీ చేస్తే ఒక్కడూ తలెత్తి చూళ్లేదు."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో పస లేదని ఇద్దరికీ తెలుసు. దుప్పటి దులిపాక ప్రతిసారీ పిన్ని కిటికీ అంచు పట్టుకుని నెమ్మదిగా ఒరుగుతోంది, నేను కింద నుంచి చూస్తూనే ఉన్నాను. "వెళ్లిపోదాం పిన్నీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆవిడ సరేనంటుంది. అంటే నా పని పోతుంది. నా మీద నాకే అసహ్యమేసి, బకెట్టు నీళ్లు పారబోసి పడుకున్నాను.

ఆదివారం బ్యాచి పెద్దది. గడ్డమాయన ఒకాయన నేను నోరు తెరవకముందే ప్రతీదీ చెప్పేస్తున్నాడు. పెద్ద కెమెరా ఆవిడ ఒకరు, ఎండ కాస్తున్నందుకు దారి పొడుగునా నన్నే సాధించింది. మబ్బులు కూడా నేనే తేవాలి కాబోలు! మేనేజరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనకాలే నడిచాడు. వంతెన అయింది, బ్యాంకు అయింది. తల ప్రాణం తోకకొచ్చింది. మా సందు మొదట్లో అందరినీ ఆపి ఫొటోలు పంచి, "ఇప్పుడు మెల్లగా తలెత్తండి" అన్నాను, ఎప్పుడూ అనే గొంతుతోనే.

అందరూ తలెత్తారు. కిటికీ తెరిచే ఉంది. అందులో ఎవరూ లేరు.

కాసేపు చూశాం. "ఏదండీ?" అన్నాడు గడ్డమాయన. మేనేజరు నా వైపు గుడ్లురిమి చూశాడు. నాకు ఆయన కనిపించడం లేదు, నేల మీద పడి ఉన్న పిన్ని కనిపిస్తోంది. ఫొటోల కట్ట చంకన పెట్టుకుని లోపలికి పరిగెత్తాను. ఆ మెట్లు అంత తొందరగా నేనెప్పుడూ ఎక్కలేదు.

రెండో అంతస్తు మలుపులో, పోయినసారి పడిన చోటే, పిన్ని మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పటి మూట. ఒక అరచెయ్యి గోడకి ఆనించి పెట్టింది. మొహం పాలిపోయి ఉంది కానీ దెబ్బేమీ తగల్లేదు.

"పిన్నీ! పడ్డావా?"

"పడలేదులే. కూర్చుని కూర్చుని దిగాను, చంటిపిల్లల్లాగా. ఇక్కడికొచ్చేసరికి భయమేసింది, ఆగిపోయాను."

"నీకేమైనా మతి పోయిందా? ఒక్కదానివే దిగుతావా? నాకో మాట చెప్పొద్దూ?"

"చెబితే నువ్వేమంటావు? చూద్దాంలే అంటావు." రొప్పుతూనే మాట్లాడుతోంది. "నువ్వు అడగవు, నేను అనను. ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే గది కాస్తా పోతుంది. అసలు ఆ గది వద్దనుకుంటున్నావేమో కూడా నాకు తెలీలేదే బుల్లీ. నేను పైనుంటేనే నీ పని నిలబడుతుందని తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నిలబడ్డాను. ఇంక నా వల్ల కావట్లేదమ్మా. నొప్పికి రాత్రి నిద్ర లేదు. నిన్ను అడిగి నీ చేత వద్దనిపించడం ఇష్టం లేక, నేనే దిగిపోతే సరిపోతుందనుకున్నాను."

ఆవిడ పక్కనే కూలబడి, ఆ మూట మీద తల పెట్టి ఏడ్చాను. పిన్ని నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడుపు తరవాత, ముందు నన్ను దించు" అంది.

ఈలోగా బ్యాచి అంతా మెట్ల కిందికి వచ్చేసింది. కిటికీ తరవాత చూపించేవి మెట్లే కదా, వాళ్లకి తెలుసు. మేనేజరు రెండేసి మెట్లెక్కుతూ వచ్చి గొంతు తగ్గించి, "ఏంటిది మేడమ్? ఒక్క ఐదు నిమిషాలు పైకి పంపించండి. ఒక్కసారి దులిపేస్తే అయిపోతుంది. వాళ్లంతా పత్రికల్లో రాసేవాళ్లు" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "మీరు దులపండి" అన్నాను.

"మేడమ్..."

"శాలువా కప్పుకుని మీరే దులపండి సార్. కిందనుంచి ఎవరికి తెలుస్తుంది? ఈ మెట్లకి రెయిలింగు లేక ఈవిడ తుంటి విరిగితే మీకు ఫ్రేము గుర్తొచ్చింది. ఇప్పుడు ఈవిడ చంటిపిల్లలా పాకుతూ దిగుతుంటే పత్రికలు గుర్తొచ్చాయి. మనిషి ఎప్పుడు గుర్తొస్తుంది మీకు? ఇదిగో మీ ఫొటోలు. మిగతా కథ మీరే చెప్పుకోండి."

కట్ట ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన గిర్రున తిరిగి కిందికి వెళ్లిపోయాడు.

పిన్నిని లేవదీశాను. గోడ వైపు ఆవిడని నడిపిస్తూ, రెయిలింగు ఉండాల్సిన వైపు నేను నడిచాను. ఒక్కో మెట్టు దిగి ఊపిరి తీసుకోవడం, మళ్లీ ఇంకోటి దిగడం. కింద పెద్ద కెమెరా ఆవిడ అప్పటికే ఒక కన్ను మూసి, కెమెరా మెట్లకి గురిపెట్టి ఉంది. "ఏమనుకోకండి, కాస్త తొందరగా దిగుతారా? మెట్లు ఖాళీగా కావాలి" అంది.

"మాకూ ఖాళీగానే కావాలమ్మా" అంది పిన్ని. "ఓపిక పట్టు, వస్తున్నాం."

మేం ఆఖరి మెట్టు దిగేసరికి మేనేజరు అందరినీ మళ్లీ సందులోకి పిలుచుకుపోయాడు. గుమ్మం దాటగానే పిన్ని ఆగి, కళ్లు చికిలించి, చలికాలం నుంచీ చూడని ఎండని మొహం మీద పడనిచ్చింది. కాలి కింది నేలని చెప్పుతో ఒకసారి రాసి చూసింది, గట్టిగానే ఉందా అన్నట్టు.

సందులో బ్యాచి అంతా నిలబడి ఉంది. ఒక్కరూ మాట్లాడటం లేదు. గడ్డమాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరూ కిటికీ వైపు ఒకసారి చూసి తలలు దించుకున్నారు. మధ్యలో మేనేజరు, నా ఫొటోల కట్ట గుండెకి ఆనించుకుని, నేను రోజూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడుతున్నాడు.

"...ఇన్నేళ్లూ మనకోసం ఆ కిటికీలో నిలబడిన ఆ తల్లి ఇక లేరు. ఈ ఖాళీ కిటికీయే ఆవిడకి మన నివాళి. ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

చంపేశాడు! నిలువునా చంపేశాడు మా పిన్నిని, ఇటు మనిషి గుమ్మం దాటీ దాటకముందే. అరిచి చెప్పాలని నోరు తెరిచాను. తెరిచి, మళ్లీ మూసేశాను. ఈవిడే ఆవిడ అంటే మళ్లీ పైకెక్కమంటారు.

మేం వాళ్ల మధ్యలోంచే వెళ్లాలి, సందుకి ఇంకో దారి లేదు. పిన్ని నా భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తోంది. అదే శాలువా, చేతిలో అదే దుప్పటి. గడ్డమాయన కళ్లెత్తి నేరుగా ఆవిడ మొహంలోకి చూసి, "పెద్దావిడ వస్తోంది, కాస్త జరగండి" అని గుసగుసగా చెప్పి పక్కకి జరిగాడు. అందరూ మర్యాదగా దారిచ్చారు. ఇచ్చి మళ్లీ తలలు దించుకున్నారు.

పిన్ని వాళ్ల మధ్యలో ఆగింది. వాళ్లని చూసింది, పైన కిటికీని చూసింది. ఇన్నేళ్లలో ఆ కిటికీని ఇక్కడి నుంచి, ఇలా జనంలో నిలబడి చూడటం ఆవిడకదే మొదటిసారి.

"ఎవరు పోయారే?" అంది నా చెవిలో.

నేను పైకి, కిటికీ వైపు చూశాను.

"ఎవరే?"

"కిటికీలో ఆవిడ పోయింది పిన్నీ."

పిన్ని నా మొహం చూసింది, మేనేజరు మొహం చూసింది. ఆవిడకి అర్థమైంది. నవ్వుతుందనుకున్నాను, లేకపోతే మేనేజర్ని నాలుగు కడిగేస్తుందనుకున్నాను. అదేమీ చెయ్యలేదు. మూట నా చేతికిచ్చి, శాలువా సర్దుకుని, వాళ్లతో పాటు తనూ తల దించుకుని నిలబడింది. నిమిషం పూర్తయ్యేదాకా కదల్లేదు. నేను ఆవిడ బరువు భుజాన మోస్తూ పక్కనే నిలబడ్డాను.

తరవాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పోనీలే పాపం" అంది. "చాలా రోజుల్నుంచి నిలబడుంది. పద."